పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ పనికొస్తుందా?



ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో పిల్లల కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ మీ ఇంట్లో ఇంకా ఉందా? అందులో విండోస్ 10 ఉంటే ఒక విషయం గమనించండి. మైక్రోసాఫ్ట్ దానికి ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపు 8వ తరం లేదా ఆ తర్వాతది కావాలి. పాత మిషన్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. భద్రతా అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు. అలాగని ఫీజులు కట్టే నెలల్లో కొత్తది కొనడమూ భారమే.

మరో దారి లినక్స్.

లినక్స్ అంటే?

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఉచిత వ్యవస్థ ఇది. మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా దీన్నే వాడుతున్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ దీన్ని తెలుగులోకి కూడా తెచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారికి లినక్స్ మింట్ సులువు. 4 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది.

ఏ పనులు సాగుతాయి?

బ్రౌజర్‌లో చేసే పనులు దాదాపు అన్నీ సాగుతాయి: యూట్యూబ్ పాఠాలు, జీమెయిల్, గూగుల్ మీట్, ఆన్‌లైన్ మాక్ టెస్టులు. పిల్లల ప్రాజెక్టులకు లిబ్రే ఆఫీస్ ఉంది. పైథాన్, స్క్రాచ్, జియోజీబ్రా కూడా పనిచేస్తాయి. యూనికోడ్ తెలుగు టైప్ చేసుకోవచ్చు.

ఎక్కడ ఇబ్బంది?

మిర్యాలగూడ రైసు మిల్లులోనో, మహబూబ్‌నగర్ ఎరువుల దుకాణంలోనో లెక్కలు చూసే ట్యాలీ విండోస్ కోసం తయారైంది. ఆ లెక్కలు ఇదే ల్యాప్‌టాప్‌లో ఉంటే మార్చకండి. అను ఫాంట్లతో డీటీపీ చేసేవారు, డిజిటల్ సంతకం టోకెన్ వాడేవారు కూడా తొందరపడొద్దు. కొన్ని ప్రింటర్లకు డ్రైవర్లు సులువుగా దొరకవు.

ఆటల సంగతి

మీ బాబు లేదా పాప ముందుగా అడిగేది ఇదే. 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ వల్ల, స్టీమ్‌లోని విండోస్ ఆటలు చాలా వరకు లినక్స్‌లో ఆడుతున్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ నేరుగా నడుస్తుంది. కానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. మోసాన్ని పట్టుకునే వాటి యాంటీ చీట్ ప్రోగ్రాములు లినక్స్‌ను అనుమతించవు. ఫోన్ ఆటలను కంప్యూటర్‌లో ఆడించే బ్లూస్టాక్స్ కూడా లినక్స్‌కు లేదు. ఇంకో మాట: గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద ఆటలు విండోస్‌లోనూ సరిగా ఆడవు. లినక్స్ వేసినంత మాత్రాన ఆ శక్తి రాదు.

మార్చేముందు ఇలా చేయండి

1. వారం రోజులు ఇంట్లో ఎవరు ఏ పనికి ల్యాప్‌టాప్ తెరుస్తున్నారో కాగితం మీద రాయండి.

2. ఫోటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ చేసిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

3. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ వేసి, దాని నుంచే కంప్యూటర్ ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు మీ విండోస్ అలాగే ఉంటుంది. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయా, రాసుకున్న పనులు జరుగుతున్నాయా చూడండి.

4. అన్నీ కుదిరితేనే ఇన్‌స్టాల్ చేయండి. డిస్క్ మొత్తం చెరిపివేసే ఎంపిక ఎంచుకుంటే పాత ఫైళ్లు పోతాయి. విండోస్ పక్కనే లినక్స్ ఉంచే వీలు కూడా ఉంది. ధైర్యం చాలకపోతే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ కాగితంలో ఎక్కువగా చదువు, వీడియోలు, మెయిల్ ఉంటే మారడం సులువే. ట్యాలీ లేదా వాలరెంట్ తప్పనిసరైతే విండోస్‌లోనే ఉండి, భద్రత సంగతి చూసుకోండి. అర్హమైన విండోస్ 10 కంప్యూటర్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే అవకాశాన్ని మైక్రోసాఫ్ట్ ఇచ్చింది.

ఈ పరీక్షను పిల్లలతో కలిసి చేయండి. ఏది పనిచేసింది, ఏది చేయలేదో వాళ్లనే రాయమనండి. ఆ ఆదివారం వాళ్లు కంప్యూటర్ గురించి నేర్చుకునేది తక్కువేమీ కాదు.