చివరి డబ్బా కనిపించేదాకా

సీతాఫల్‌మండి,
2025 అక్టోబరు, ఆదివారం పొద్దున

బిడ్డా శైలజా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అత్తమ్మ నన్ను గట్టిగానే అడిగింది. “పిల్ల అంతసేపు చెప్తుంటే హూఁ, హూఁ అనుకుంట కూసున్నవేంది?” అని. ఏం చెప్పను? ముప్పై నాలుగేళ్లు గార్డు డబ్బాలో ఒక్కణ్నే కూర్చుని తిరిగినవాణ్ని. నాకు నోటితో మాట సాగదు, కాగితం మీదే సాగుతుంది. అందుకే ఈ ఉత్తరం.

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిపూట ఒక యూట్యూబ్ చానల్ నడుపుతానన్నావు. రోజూ వార్తల మీద, మామూలు బతుకు మీద, సినిమాల మీద నీకు తోచింది మాట్లాడతానన్నావు. “ఏం మాట్లాడాలె మామా, ఎట్ల మాట్లాడాలె?” అని అడిగావు. పత్రికల్లో పనిచేసినవాళ్లనో, ఆర్ట్స్ కాలేజీలో నీకు పాఠాలు చెప్పినవాళ్లనో అడగాల్సిన మాట అది. నన్ను అడిగావు గనుక నాకు తెలిసిన పనిలోంచే చెబుతాను.

మా ఇంట్లో ఉన్న రెండేళ్లూ నువ్వు నన్ను ఆటపట్టించేదానివి గుర్తుందా? “డ్రైవరు బండి నడుపుతడు, నువ్వేం చేస్తవు మామా, జెండా ఊపుతవు” అని. 2022లో రైల్వేవాళ్లు గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. నేను అప్పటికే రిటైరయ్యాను, లేకపోతే మీ అత్తమ్మ దగ్గర కొంచెం పరపతి పెరిగేదేమో. పేరు ఏదైనా పని ఒకటే. ముందు ఏముందో డ్రైవరు చూస్తాడు. వెనక ఏం మిగిలిందో గార్డు చూస్తాడు.

బండికి ఆఖరి డబ్బా వెనక పసుపు రంగు బోర్డు మీద ఎల్వీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, చూసే ఉంటావు. లాస్ట్ వెహికల్ అని దాని అర్థం. రాత్రయితే ఎర్ర దీపం. బండి స్టేషన్ దాటుతుంటే అక్కడి మనిషి కళ్లు పెట్టి చూడాల్సింది ఇంజన్‌ని కాదు, ఆ బోర్డుని. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క. కనిపించకపోతే ఇంజన్ ఎంత దర్జాగా కూత వేసుకుంటూ వెళ్లినా సరే, వెనక రెండు డబ్బాలు తెగిపోయి రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో నిలబడి ఉన్నాయేమో అని అనుమానించాలి. ఆ సంగతి తేలేదాకా వెనక బండిని వదలకూడదు.

వార్త కూడా అంతే బిడ్డా. అందరూ ఇంజన్‌ని చూసి చప్పట్లు కొడతారు.

2009 డిసెంబర్ 9 రాత్రి నాకు బాగా గుర్తు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఉస్మానియా క్యాంపస్ వైపు నుంచి పటాకుల మోత. ఢిల్లీలో హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని ప్రకటించాడు. వారసిగూడ పిల్లలు రోడ్ల మీద ఎగిరారు, మీ అత్తమ్మ ఇంట్లో ఉన్న చక్కెరంతా పోసి పాయసం వండింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. సరిగ్గా రెండు వారాలకు, డిసెంబర్ 23న ఇంకో ప్రకటన వచ్చింది. అందరితో విస్తృతంగా సంప్రదించాలట. ఇంజన్ వచ్చింది గానీ డబ్బాలు సెక్షన్‌లోనే ఉన్నాయి. ఆ ఆఖరి బోర్డు మనకు కనిపించింది 2014 జూన్ 2న. మధ్యలో నాలుగున్నరేళ్లు. ఆ మధ్యకాలంలో క్యాంపస్‌లో ఎన్ని లాఠీలు, ఎంత టియర్ గ్యాసు, ఎంతమంది తల్లుల కడుపుకోత! ఆ రాత్రి పటాకులు కాల్చినవాళ్లది తప్పని నేననను. బండి వచ్చేసిందని ఇళ్లకు పోయి పడుకుంటే మాత్రం తప్పయ్యేది.

“ఆలస్యమైతే ఎవ్వరూ చూడరు మామా” అన్నావు నువ్వు. అదీ అబద్ధం కాదు. రైల్వేలో ఆలస్యానికి మాకూ మెమోలు వచ్చేవి. వార్త రాగానే మాట్లాడు, ఎవరొద్దన్నారు? ఇంకా డబ్బాలు వస్తున్నాయి, నేను ఆఖరిది చూడలేదు అని ఒక్క ముక్క కలుపు. అట్లా అన్నందుకు నలుగురు వెళ్లిపోతే పోనీ.

పోయినేడు డిసెంబర్ సంగతే తీసుకో. 2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర పుష్ప-2 ప్రీమియర్‌కి తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. తొమ్మిది రోజులకు అల్లు అర్జున్‌ని అరెస్టు చేశారు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. ఇక చూడు! ఆయన ఎప్పుడు బయటికొచ్చాడు, ఎవరు పలకరించారు, అసెంబ్లీలో ఎవరేమన్నారు. మన వీధి చాయ్ హోటల్లో పదిహేను రోజులు ఇదే లొల్లి. తప్పెవరిదో కోర్టు చూసుకుంటుంది, నాకు దానితో పని లేదు. కానీ ఆ పిల్లాడు నాలుగు నెలలకు పైగా ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఏప్రిల్ ఆఖరులో అక్కణ్నించి రిహాబిలిటేషన్ సెంటర్‌కి తీసుకెళ్లారని పేపర్లో చిన్న వార్త పడింది. చాయ్ హోటల్లో నేనే ఆ కాగితం తీసి చూపిస్తే, “ఏ పోరడు?” అన్నాడు ఒకాయన. డిసెంబర్‌లో అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

నీ చానల్లో ఒక పని చెయ్యి. వారానికో రోజు పాత వార్త ఒకటి తీసి, తర్వాత ఏమైందో చెప్పు. ఎవరూ ఆ పని చెయ్యడం లేదు. చూసేవాళ్లు తక్కువే ఉంటారు. చెయ్యి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజీలు. వాటికి ఎవరివో ఫొటోలు, భయంకరమైన వీడియోలు. మన గల్లీ గ్రూపులోకి నాకు ఎవరో పంపింది నేను పంపాను. ‘జర పిల్లలను చూసుకోండి’ అని కింద నా మాట కూడా చేర్చాను, పెద్దమనిషిని కదా! పోలీసులు అవన్నీ పుకార్లేనని మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ నెలాఖరులో చాంద్రాయణగుట్టలో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపింది. పొట్టకూటి కోసం ఊరు విడిచి వచ్చిన మనిషి. టీవీలో ఆ వార్త చూస్తున్నప్పుడు నా చేతిలో ఆ ఫోనే ఉంది. నా మెసేజీ సీతాఫల్‌మండి దాటి చాంద్రాయణగుట్ట దాకా పోయిందని కాదు. పోలేదని మాత్రం ఎట్లా అనగలను? దాన్ని గ్రూపులోంచి తీసేద్దామని చూస్తే అప్పటికే టైము దాటిపోయింది.

రైల్వేలో ఒక స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్‌కు బండి పంపాలంటే ‘లైన్ క్లియరా?’ అని ముందు అడగాలి. అవతలివాడు ‘క్లియర్’ అన్నంతమాత్రాన చాలదు. తన కాగితంలోంచి రెండంకెల ప్రైవేట్ నంబరు ఒకటి చెప్పాలి. ఇవతలివాడు దాన్ని రిజిస్టరులో రాసుకోవాలి. ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు చెప్పారు, నంబరెంత అనేది రేపు ఎంక్వైరీలో బయటికి తీయొచ్చు. ఇన్నేళ్లు ఆ లెక్కల మధ్య బతికినవాణ్ని, ఫోన్ చేతికి రాగానే నంబరూ లేదు, రిజిస్టరూ లేదు, బండి వదిలేశాను. నువ్వు ఏదైనా చెప్పే ముందు అడుగు: ఇది నాకు ఎవరు చెప్పారు, వాళ్లు చూశారా, విన్నారా? జవాబు దొరక్కపోతే అది చాయ్ హోటల్ దాకానే, చానల్ దాకా తేకు.

ఈ ఏడాది కంచ గచ్చిబౌలి గొడవ నీకు నాకంటే బాగా తెలుసు, నీ స్నేహితులు ఆ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఉన్నారు కదా. నాలుగు వందల ఎకరాలు. బుల్‌డోజర్లు రావడం నిజం, చెట్లు కూలడం నిజం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనడం నిజం. ఇన్ని నిజాలుండగా ఎవరో ఏఐతో జింకల బొమ్మలు, నెమళ్ల బొమ్మలు చేసి వదిలారు. దాంతో ఏమైంది? కూలిన చెట్ల మాట పక్కకు పోయి, దొంగ బొమ్మల మాట ముందుకొచ్చింది. నిజం మన పక్షాన ఉన్నప్పుడు దానికి రంగు పూయాలనే ఆశ ఎక్కువ పుడుతుంది, అప్పుడే జాగ్రత్త. జింక ఫొటో నువ్వూ నాకు పంపావు. నేను ఏమీ అనలేదు, నా చరిత్ర నాకు తెలుసు గనుక.

ఇక సినిమాలు. ఈ విషయంలో నీకు సలహా చెప్పే అర్హత నాకు నిండా ఉంది. తార్నాక ఆరాధనలో చూసిన సినిమాలకు లెక్క రాసుంటే ఇప్పటికి రెండు రిజిస్టర్లు నిండేవి. ఇంటర్వెల్లోనే ఫోన్‌లో రివ్యూ చెప్పేవాళ్లు నాకు నచ్చరు. సగం బండిని చూసి లెక్క రాసినట్టు ఉంటుంది. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీ. స్టార్ హీరో లేడు, ఫైట్లు లేవు, ముఖ్యపాత్రలో జె.వి. సోమయాజులు అనే ఒక డిప్యూటీ కలెక్టరు. అప్పటికి ఈ ఫోన్లు ఉంటే మొదటి ఆటకే ఆ సినిమాను చంపేసేవాళ్లం. చూసిన నలుగురు ఇంటికెళ్లి ఇంకో నలుగురికి చెప్పుకుంటూ పోతే తర్వాత ఏమైందో దేశమంతటికీ తెలుసు. నచ్చలేదని చెప్పొద్దనడం లేదు. నచ్చకపోతే తిట్టు, హాయిగా తిట్టు, డబ్బులిచ్చి టికెట్ కొన్నావు. కాకపోతే ఏ సీనులో నీకు విసుగొచ్చిందో అదే చెప్పు. “అస్సలు బాగాలేదు” అనేది ఎవడైనా అంటాడు.

నువ్వు అన్నిటికంటే తక్కువ మాట్లాడింది మామూలు బతుకు గురించి. “అందులో ఏముంటది మామా, రోజూ ఉండేదే కదా” అన్నావు. ఇక్కడ నీతో నాకు గట్టి పేచీ.

పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆంధ్రజ్యోతి వీక్లీలో పురాణం సీత పేరు పెట్టుకుని ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసేవాడు. అందులో ఉన్నవి మామూలు ఇంటి సంగతులే. నేను మాత్రం కాజీపేట రన్నింగ్ రూములో ఆ పేజీ కోసం కొట్లాడినవాణ్ని. కాళోజీ అయితే ఊళ్లో, దేశంలో జరిగిన ప్రతిదానికీ తన మాట రాసి ‘నా గొడవ’ అని పేరు పెట్టాడు. లోకం గొడవ అని పెట్టలేదు చూడు. నీ చానల్‌కు ఇంగ్లీషులో ఏదో నున్నటి పేరు చెప్పావు, ఇది చదివాక ఇంకోసారి ఆలోచించు.

మేడ మీద గదిలో అద్దెకున్న నల్లగొండ పిల్లాడు నీకు తెలుసు, గ్రూప్-1 చదువుతున్నాడు. 2022 అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకయిందని రద్దు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి. ఈ సెప్టెంబర్‌లో మెయిన్స్ ఫలితాల మీద కోర్టు ఒకసారి ఒక మాటంది, పైబెంచి దాన్ని ఆపింది. ఇదంతా అన్ని చానళ్లూ చెప్పాయి. ఆ పిల్లాడు మాత్రం పొద్దున అయిదింటికి లేచి క్యాంపస్ లైబ్రరీకి నడిచి పోతాడు, సీటు దొరకదని ముందురోజే పుస్తకం పెట్టి వస్తాడు. వాళ్ల అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికొచ్చి మాట్లాడతాడు, ఎప్పుడూ ఒకటే మాట: “తిన్ననమ్మా.” కొన్ని రోజులు తినడు. ఆ సంగతి మీ అత్తమ్మకు తెలుసు, అందుకే చపాతీలు రెండు ఎక్కువ చేస్తుంది, “మిగిలినయ్ బాబూ” అని అబద్ధమాడి ఇస్తుంది. ఇది ఏ చానల్లో వచ్చింది? ఆ పిల్లాడి పేరు చెప్పకుండా, మెట్ల సంగతి చెప్పకుండా, ఆ చపాతీల మాట నువ్వు చెప్పగలిగితే నేను రోజూ చూస్తాను.

మాకు డ్యూటీలో రఫ్ జర్నల్ అని ఒక పుస్తకం ఉండేది. ఏ స్టేషన్‌కు ఎన్నింటికి వచ్చాం, ఎన్నింటికి కదిలాం, ఎక్కడ సిగ్నల్ దగ్గర ఆగాం, ఎన్ని నిమిషాలు. నిన్న నా పాతవి నాలుగు తీసి చూశాను. అన్నీ అంకెలే. ఒక పేజీ అంచున మాత్రం పెన్సిల్‌తో రాసుంది, ‘జనగామలో వాన, పాయింట్స్‌మన్ గొడుగు ఇచ్చాడు’ అని. అంకెలు ఏ రోజువో నాకు గుర్తు రాలేదు. గొడుగు గుర్తొచ్చింది. దాని రంగుతో సహా.

చానల్‌లో డబ్బుల గురించి అడిగావు, ఆ లెక్క నాకు తెలియదు. మీ నాన్నను అడుగు. కామెంట్లలో తిడతారని భయమన్నావు. తిడతారు. బండి ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీదవాళ్లు తిట్టేది గార్డునే, తప్పు ఎక్కడ జరిగినా సరే. అరుస్తున్న మనిషికి నేను ఎప్పుడూ జవాబు చెప్పేవాణ్ని కాదు. నెమ్మదిగా అడిగిన ముసలమ్మకు చెప్పేవాణ్ని. రాత్రి పదకొండు తర్వాత ఫోన్ పక్కన పెట్టి పడుకో, రన్నింగ్ స్టాఫ్‌కు రెస్టు కంపల్సరీ.

సీతాఫలాలు మొదలయ్యాయి. మండి పోయి పేరే మిగిలిన ఊరు మనది, అయినా రైల్వే బ్రిడ్జి కింద మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూర్చున్నారు. పండినవి పంపితే బెంగళూరు చేరేలోపు గుజ్జే అవుతాయని అత్తమ్మ కచ్చివి ఏరి తెచ్చింది. వచ్చే బుధవారం మన పక్కింటి అబ్బాయి వస్తున్నాడు, అతనితో పంపుతున్నాం. బియ్యం డబ్బాలో పెట్టు, రోజూ తీసి నొక్కి చూడకు. కళ్లు విచ్చుకున్నాక తిను.

నీ మామ