తూకము ఒక్కటే చాలునా?

బక్కపలుచని వానికి చక్కెర వ్యాధి రాదని గ్రామములలో పలువురు తలంతురు. ఈ భావము సరికాదు. దేహమును ఎట్లు కొలువవలెనో, ఆ కొలతను ఎంతవరకు నమ్మవలెనో పంచాయతీ సభ్యుల కొరకు ఇచట వివరించుచున్నాము.

మీటర్లలో కొలిచిన ఎత్తును ఎత్తుతోనే హెచ్చించి, వచ్చిన అంకెతో కిలోగ్రాముల బరువును భాగించినచో వచ్చునది బి.ఎం.ఐ. ఎత్తు 1.60 మీటర్లు, బరువు 64 కిలోలు అయినచో అది 25 అగును. పెద్దలలో 18.5 కంటె తక్కువైన బరువు చాలదని అర్థము. మన దేశీయులకు 23 దాటినప్పటి నుండియే జాగ్రత్త అవసరము. 19వ శతాబ్దమున బెల్జియం శాస్త్రజ్ఞుడు కెత్లే ఈ లెక్కను జనసముదాయముల పరిశీలనకై కనిపెట్టెను.

తూనిక యంత్రము, ఎత్తు కొలుచు బద్ద ఉన్నచో ఈ లెక్క కట్టవచ్చును. ఊరిలో పోషణ చాలనివారిని గుర్తించుటకు ఇది మిక్కిలి ఉపయోగకరము. కాని బరువులో కండ ఎంతయో, కొవ్వు ఎంతయో ఇది తెలుపజాలదు. బస్తాలు మోయు హమాలీకి కండ వలననే అంకె హెచ్చవచ్చును.

2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ దేహములనే దృష్టాంతముగా చూపిరి. ఇరువురి బి.ఎం.ఐ. 22.3. కొవ్వు మాత్రము యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము! మనవారిలో సన్నని దేహమున సైతము పొట్టలో కొవ్వు పేరుకొనుట కలదు. చక్కెర వ్యాధికి, గుండె జబ్బునకు అది దారి తీయును.

అట్లయిన కొవ్వునే కొలువరాదా? సరిగా కొలుచు డెక్సా యంత్రము పెద్ద ఆసుపత్రులలో మాత్రమే ఉండును. విద్యుత్తుతో కొవ్వును అంచనా వేయు తూనికలు దేహమునందలి నీటినిబట్టి మారుచుండును. కనుక గ్రామమునకు తగిన సాధనము కొలత టేపు. క్రింది ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ, ఊపిరి విడిచిన పిదప నడుమును కొలువవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో, తూకము సరిగానే ఉన్నను, రక్తములో చక్కెరను, రక్తపుపోటును పరీక్ష చేయించవలెను. గర్భిణులకు, పిల్లలకు ఈ హద్దులు వర్తింపవు.

ముప్పది ఏండ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు పూరించు పత్రమున నడుము కొలతకు గడి కలదు. ఆ గడి టేపుతో కొలిచి నింపబడుచున్నదా, ఊహతో నింపబడుచున్నదా యని సభ్యులు విచారింపవలెను. కార్యకర్త చేతిలో టేపు లేనిచో సమకూర్పవలెను. స్వల్ప వ్యయముతో ఒక కుటుంబ పోషకుని వ్యాధి ముదురక మునుపే బయటపడగలదు.