మార్కులు వచ్చాయి, మరి అలవాటు?



మన విచారణలలో ఇంజనీరింగు చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "భూమి ఎందుకు వేడెక్కుతున్నది?" అని వారిని అడిగి చూడండి. బొగ్గుపులుసు వాయువు గురించి తడుముకోకుండా చెబుతారు. కాని చెప్పి బయటకు వెళ్లిన తరువాత గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. చదువుకూ నడవడికకూ మధ్య ఉన్న ఈ ఎడమే ఈ వారం మన పాఠం.

పాఠాలు లేక ఇలా జరగడం లేదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లోనే సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను పాఠశాలల్లోను, కళాశాలల్లోను నేర్పాలని ఆదేశించింది. ఆ తరువాత యు.జి.సి. డిగ్రీ విద్యార్థులందరికీ పాఠ్యప్రణాళికను తయారుచేసింది. అయితే 2018లో ఎ.ఐ.సి.టి.ఇ. ఇచ్చిన నమూనా ప్రణాళికలో ఇంజనీరింగు విద్యార్థులకు ఈ సబ్జెక్టు తప్పనిసరే గాని దానికి క్రెడిట్లు లేవు. క్రెడిట్లు లేని సబ్జెక్టును పిల్లలు ఎంత శ్రద్ధగా చదువుతారో మీకు వేరే చెప్పనక్కరలేదు.

తెలిసిన మంచిని మనిషి ఎందుకు చేయలేకపోతాడు? మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెక్ ఐజెన్ 1991లో దీనిని వివరించాడు. ఒక పని చేయాలన్న సంకల్పానికి మూడు ఆధారాలున్నాయి. మొదటిది, ఆ పని మంచిదన్న అభిప్రాయం. రెండవది, చుట్టూ ఉన్నవారు దానిని మెచ్చుతారా అన్నది. మూడవది, అది తన వల్ల అవుతుందన్న నమ్మకం. మన పిల్లలలో చాలామందికి మొదటిది ఉన్నది. తక్కినవే కరవు. హాస్టలులో ఒకడు లేచి ఫ్యాను ఆపితే స్నేహితులు "పిసినారి" అని నవ్వుతారు. "నేనొక్కడినే ఆపితే ఏం ఒరుగుతుంది?" అని వాడూ ఊరుకుంటాడు.

ఏం ఒరుగుతుందో లెక్క వేద్దాం. మామూలు సీలింగు ఫ్యానుకు 75 వాట్లు కావాలి. పిల్లలు తరగతిలో ఉన్న 8 గంటలు ఖాళీ గదిలో తిరిగితే 0.6 యూనిట్లు ఖర్చవుతాయి. 200 గదుల హాస్టలులో అన్నీ అలాగే తిరిగితే రోజుకు 120 యూనిట్లు. బొగ్గుతో ఒక యూనిట్టు తీయడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు మండించాలి. అంటే ఎవరికీ గాలి తగలకుండానే రోజుకు 84 కిలోల బొగ్గు కాలిపోయింది! అందులో సుమారు పాతిక కిలోలు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిద అంటే ఏమిటో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల కాపురముండేవారిని అడగండి.

ఈ విషయం ఇంజనీరింగు పిల్లలకు మరీ ముఖ్యం. రేపు భవనాలకు, మోటార్లకు, రోడ్లకు నమూనా గీసేది వారే. బి.ఎల్.డి.సి. మోటారు ఉన్న ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలు. ఒక ఇంజనీరు శ్రద్ధ పెడితే ప్రతి ఇంట్లోను సగానికి పైగా ఆదా అవుతుంది. తన గదిలో వృథాను గమనించనివాడు తాను గీసే నమూనాలో గమనిస్తాడా?

ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సి' విశ్వలేఖలో ఇదే హెచ్చరిక ఉన్నది. పర్యావరణ విద్య కొన్నిసార్లు సమాచారం అందించడంతోనే ఆగిపోయి మంచి అలవాట్లను నాటలేకపోతున్నదని ఆయన రాశారు. అక్కరలేని దీపాలు ఆర్పడం వంటి చిన్న పనులను కూడా పేరుపెట్టి చెప్పారు.

తల్లిదండ్రులారా, ఈ సెలవుల్లో మూడు పనులు చేయండి. ఇంటి కరెంటు బిల్లును పిల్లల చేతికిచ్చి, యూనిట్లు ఎక్కడ పోతున్నాయో కనిపెట్టమనండి. వారు స్విచ్చి ఆపినప్పుడు మెచ్చుకోండి, మీరు మరచినప్పుడు వారి మందలింపును నవ్వుతూ స్వీకరించండి. హాస్టలుకు తిరిగి వెళ్లేటప్పుడు, ఇద్దరు ముగ్గురు స్నేహితులను కలుపుకొని మొదలుపెట్టమని చెప్పండి. నలుగురు కలిసి చేసే పనిని చూసి ఎవరూ నవ్వరు.

కుటుంబంలో చర్చించండి:
1. మంచిదని తెలిసీ మన ఇంట్లో చేయని పని ఏది?
2. దానికి అడ్డు వస్తున్నది ఏమిటి: నలుగురూ నవ్వుతారన్న భయమా, మన వల్ల కాదన్న అనుమానమా?

పిల్లలు ఫోను చేసినప్పుడు మార్కులెన్ని అని అడుగుతాం. ఈసారి ఇంకొక మాట కూడా అడుగుదాం: "గదిలో ఫ్యాను ఆపి వచ్చావా, నాన్నా?"