ప్రాత మోటారు కార్లకు శీతకాలపు సేవ

వాడిన వస్తువు అరుగును. వాడని వస్తువు చెడును. ఈ రెండింటిలో మొదటిదే నష్టమని మనమందరము తలంతుము. రెండవది కంటికి కనబడక జరుగును గనుక దానిని లెక్కలోనికి తీసికొనము. అటకమీది కుట్టుమిషను, దొడ్డిలోని సైకిలు, పొలము గట్టుననున్న నూనె ఇంజను వానాకాలమంతయు మూలబడియుండి ఎంత చెడినవో మరల బయటికి తీసినపుడు గాని మనకు తెలియదు. ఇట్లు మూలనున్న వస్తువును చెడకుండ కాపాడుట ఒక విద్య. ఆ విద్యను మిక్కిలి శ్రద్ధతో అభ్యసించువారిలో ఇంగ్లండు దేశమున ప్రాత మోటారు కార్లను ముచ్చటపడి ఉంచుకొన్న గృహస్థులు ముఖ్యులు. వారు ప్రతి శీతకాలమునందును తమ బండ్లకు చేయు సేవను గూర్చి ఈ సంచికలో తల్లిదండ్రులకు కొంత తెలుపదలచితిమి. మన పిల్లలు తరగతిలో చదువుకొను భౌతిక, రసాయన శాస్త్రముల పాఠములు ఒక కారు షెడ్డులో ఎట్లు అక్కరకు వచ్చునో ఇందువలన తెలియగలదు.

ప్రాత కారు అనగా నేమి?

ఇంగ్లండులో 1865వ సంవత్సరపు చట్టము ప్రకారము, రోడ్డుమీద ఆవిరి బండి మొదలగు యంత్రపు బండ్లు పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదు. ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి బండికి ముందు నడవవలెను. తరువాత జెండా నియమము సడలినను, మనిషి ముందు నడచుట మాత్రము 1896 వరకు తప్పలేదు. ఆ యేడు చట్టము మారి వేగమునకు హద్దు 14 మైళ్ల వరకు పెరిగినది. ఆ సంతోషముతో 1896 నవంబరు 14వ తేదీన మోటారు కార్లవారు లండను నుండి సముద్రతీరమునగల బ్రైటను పట్టణమునకు ఊరేగింపుగా పోయిరి. దాని జ్ఞాపకార్థము 1927లో మొదలైన యాత్ర నేటికిని నవంబరు నెల మొదటి ఆదివారమున సాగుచున్నది. 1905 జనవరి 1వ తేదీకి ముందు తయారైన బండ్లకే అందు ప్రవేశము. దారి సుమారు 60 మైళ్లు. నూరేండ్లు దాటిన బండ్లు చలిలో, ఒక్కొక్కప్పుడు వానలో, తమ ఇంజను బలముతోనే ఆ దూరము నడచును.

ఇంత వయస్సుగల బండ్లే గాక, 1919 మొదలు 1930 వరకు తయారైన వింటేజి బండ్లును, ఆ తరువాతివియును అచ్చట అనేకుల ఇండ్లలో కలవు. వీనిలో కొన్ని గొప్ప వెల పలుకునవి. అయినను ఈ ముచ్చట ధనవంతులకే పరిమితమైనది కాదు. 1922లో మొదలై 1939 వరకు తయారైన ఆస్టిన్ సెవెన్ వంటి చిన్నకార్లను సామాన్య గృహస్థులును ఉంచుకొని తమ చేతులతోనే బాగుచేసికొందురు.

శీతకాలమే యేల?

నవంబరు యాత్ర ముగిసిన తరువాత మార్చి నెల వరకు ఈ బండ్లు చాలవరకు షెడ్డు దాటి రావు. ముఖ్యకారణము రోడ్డుమీది ఉప్పు. మంచు గడ్డకట్టకుండుటకై అచ్చటి అధికారులు రోడ్లపై ఉప్పు చల్లింతురు. ఉప్పు కలిసిన నీరు మంచినీటికంటె చాల తక్కువ వేడిమి వద్ద గాని గడ్డకట్టదు. బాటసారికి అది రక్షణయే గాని ఇనుమునకు శత్రువు. ఇనుము త్రుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. ఉప్పు చేరినచో ఆ చర్య మరింత వేగముగా జరుగును.

కారును షెడ్డులో పెట్టి తలుపు మూసినంతమాత్రమున నీటి బాధ తప్పదు. కొన్ని దినములు గట్టి చలివేసి ఇనుము చల్లబడియుండగా, హఠాత్తుగా సముద్రమువైపు నుండి వెచ్చని తేమగాలి వీచును. ఆ తేమ చల్లని ఇనుముపై చిన్నచిన్న బిందువులై కూర్చుండును. చల్లని నీరు పోసిన చెంబునకు బయట చెమ్మ పట్టుటయు ఇట్టిదే. కావున షెడ్డులోనికి వాన రాకుండ చూచినంత చాలదు, గాలి ఆడునట్లు చూడవలెను. బండిపై కప్పు గుడ్డ నూలుదైన మేలు. రబ్బరు పూతగల టార్పాలిను లోపలి చెమ్మను బయటికి పోనీయదు. గాలిలోని తేమ నూటికి 50 పాళ్లకు దగ్గరగా నుండుట మంచిది. మరీ యెండినను ముప్పే. ఆ కాలపు బండ్లలో అనేకములకు రేకుల లోపల కొయ్య చట్రముండును. కొన్నింటికి చక్రపు ఆకులును కొయ్యవే. అవి ఎండి కుదించుకొన్నచో అతుకులు వదులగును.

నిలుపుటకు ముందు చేయు పనులు

మొదటిది ఇంజను ఆయిలు మార్చుట. వసంతములో బండి తీయునపుడు మార్చిన చాలునని క్రొత్తవారు తలంతురు. అది పొరపాటు. పెట్రోలు మండినపుడు పుట్టు నీరు, ఆమ్లములు కొంత ఆయిలులో కలియును. ఆ ప్రాత ఆయిలును నాలుగు నెలలు లోపల నుంచినచో బేరింగులను తినివేయును. కావున నిలుపుటకు ముందే క్రొత్త ఆయిలు పోసి, అది అంతట ప్రాకునట్లు ఇంజనును కొంతసేపు నడుపుదురు.

రెండవది రేడియేటరు. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 పాళ్లు పెరుగును. ఆ పెరుగుదలకు చోటు లేక ఇంజను ఇనుప దిమ్మయే పగులును. పూర్వము డ్రైవర్లు చలిరాత్రులలో నీరంతయు దింపి, ఉదయమున మరల పోసికొనెడివారు. ఇప్పుడు ఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును సగపాలు కలుపుదురు. అట్టి మిశ్రమము సున్నకు దిగువ 35 డిగ్రీల వరకును గడ్డకట్టదు.

మూడవది బ్యాటరీ. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీలోని ఆమ్లద్రవము సున్నకు దిగువ 50 డిగ్రీల వద్దనైనను గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయిన దానియందు ఆమ్లము పలచనై సుమారు 10 డిగ్రీల దిగువనే గడ్డకట్టి, పెట్టెను పగులగొట్టగలదు. కావున దానిని ఊడదీసి నెలకొకసారియైన చార్జి చేయుదురు.

నాలుగవది పెట్రోలు. నెలలకొలది నిలువయున్న పెట్రోలు జిగురై కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను పూడ్చును. ఈ దినములలో మరియొక చిక్కు కలదు. ఇంగ్లండులో 2021 సెప్టెంబరు నుండి మామూలు పెట్రోలులో నూటికి 10 పాళ్ల వరకు ఎథనాలు కలియుచున్నది. ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. ప్రాతకాలపు రబ్బరు గొట్టములను, బెండు వాషర్లను పాడుచేయును. అందువలన కార్బ్యురేటరును ఖాళీచేసి, గొట్టములను పరీక్షించి మార్చుదురు.

ఇక చిన్న పనులు చాల కలవు. హ్యాండుబ్రేకు వేసి వదలినచో బ్రేకు షూలు డ్రమ్మునకు అతుకుకొనును గనుక చక్రముల క్రింద దిమ్మలు పెట్టి బ్రేకు విడిచెదరు. క్లచ్చి పలక అంటుకొనకుండ పెడలును కొయ్యముక్కతో నొక్కియుంచెదరు. టైర్లు ఒకేచోట అణగకుండ బండిని స్టాండ్లపై ఎత్తెదరు. ఎలుకలు సీట్లలో గూళ్లు పెట్టకుండ, వైర్లు కొరకకుండ కన్నములు మూసెదరు. పొగగొట్టములో నూనెగుడ్డ క్రుక్కినవాడు ఆ సంగతి ఒక చీటీపై వ్రాసి స్టీరింగునకు కట్టును. ఎందుకనగా నాలుగు నెలల తరువాత ఎవరికిని అది జ్ఞాపకముండదు.

వారమునకొకసారి ఇంజనును ఐదు నిమిషములు నడిపిన బండికి మేలని కొందరి నమ్మకము. ఇచ్చట రసాయనశాస్త్రము వేరుగా చెప్పుచున్నది. పెట్రోలులోని ఉదజని మండి నీరగును. ఒక లీటరు పెట్రోలు మండిన ఇంచుమించు ఒక లీటరు నీరు పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కినచో అది ఆవిరిగా బయటికి పోవును. ఐదు నిమిషములలో ఆపినచో పొగగొట్టములోను ఆయిలులోను నిలిచి త్రుప్పు పట్టించును. కావున నడిపినచో బాగుగా వేడెక్కునట్లు దూరము నడపవలెను. లేనిచో అసలే స్టార్టు చేయరాదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొద్దిగా నూనె వేసి, హ్యాండిలుతో ఇంజనును నెమ్మదిగా త్రిప్పుట మేలైన పద్ధతి.

మరమ్మతు, మార్పు

శీతకాలమున తీరిక చిక్కును గనుక పెద్ద మరమ్మతులును అప్పుడే సాగును. వాల్వులు అరగదీయుదురు, స్ప్రింగుల పట్టీల నడుమ గ్రీజు వేయుదురు, చెడిన కొయ్యను తీసి క్రొత్తది అతుకుదురు. విప్పిన ప్రతి మేకును, వాషరును వేరువేరు డబ్బాలలో ఉంచి పేర్లు వ్రాయుదురు. విప్పుటకు ముందు ఫొటో తీయుదురు. విప్పుట గంటలో అగును. బిగించుట నెలలు పట్టును. అప్పుడు ఆ చీటీలే గురువులు.

ఇందులో పెద్ద ప్రశ్న యొకటి కలదు. ఎంతవరకు బాగుచేయవలెను? ప్రాత రంగు గీకి, ప్రాత తోలు పారవైచి, అంతయు క్రొత్తగా చేసినచో బండి తళతళలాడును గాని దాని ప్రాతదనము పోవును. ప్రాత వాహనముల సంఘములకు 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య, ట్యూరిన్ ప్రమాణపత్రము అను నియమావళిలో, అసలు భాగములను చేతనైనంతవరకు నిలుపుకొనుడనియు, చేసిన ప్రతి మార్పును వ్రాసియుంచుడనియు చెప్పుచున్నది. చెడినదానిని మాత్రము మార్చుట, చెడనిదానిని చెడకుండ చూచుట ఉత్తమ మార్గము.

ప్రాణరక్షణ

పిల్లలను ఈ పనిలోనికి దింపు పెద్దలు కొన్ని నియమములను తప్పక పాటింపవలెను. జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రింద దూరరాదు. బలమైన స్టాండ్లు ఉండవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, అది మనిషికి తెలియకుండనే చంపును. పెట్రోలుతో చేతులుగాని భాగములుగాని కడుగరాదు. ప్రాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండును గనుక ఆ దుమ్మును నోటితోగాని పంపుతోగాని ఊదరాదు. అది ఊపిరితిత్తులకు హానికరము.

మన దేశమున

ఈ ముచ్చటకు మన దేశమును దూరము కాదు. ఇంగ్లండులోని సాల్ఫర్డు పట్టణపు జాన్ మోరిస్ కంపెనీవారు 1914లో చేసిన అగ్నిమాపక బండి యొకటి నిజాం రాష్ట్ర రైల్వేలో పనిచేసినది. నేడది న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో కలదు. ప్రాత కార్ల ర్యాలీలలోను పాల్గొన్నది. 2021 జూలైలో భారత ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, తొలిరూపము చెడకయున్న కార్లకును మోటారు సైకిళ్లకును వింటేజి వాహనములుగా ప్రత్యేక రిజిస్ట్రేషను కలదు. వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతు మొదలైన పనులకు నడుపవచ్చునే గాని నిత్యపు రాకపోకలకు గాని వ్యాపారమునకు గాని వాడరాదు. మన పెట్రోలులోను 2025 నాటికి ఎథనాలు నూటికి 20 పాళ్లకు చేరినది గనుక, ప్రాత స్కూటరు గలవారును దాని రబ్బరు గొట్టములను తరచు చూచికొనవలెను.

మనకు మంచు లేదు గాని వానాకాలము కలదు. వారి శీతకాలమునకు మన ఆషాఢ శ్రావణములు సరి. అది రాకముందే ఇంటిలోని సైకిలును, కుట్టుమిషనును, పంపును ఒక దినము తుడిచి, నూనె వేసి, గాలి తగులుచోట ఉంచుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. ఆ పనిని తామొక్కరే చేయక, కుమారునకుగాని కుమార్తెకుగాని ఒక భాగము అప్పగింపుడు. మేకులు డబ్బాలో వేసి పేర్లు వ్రాయుట ఆరవ తరగతి పిల్లకును చేతనగును.

ఇంగ్లండులో నేడు వినబడు చింత బండ్లను గూర్చి అంతగా కాదు, చేతులను గూర్చి. వైట్ మెటలు కరగించి బేరింగు పోయువారు, కొయ్య చక్రము బిగించువారు వృద్ధులగుచున్నారు. వారి ప్రక్కన దీపము పట్టుకొని నిలిచిన పిల్లవాడు లేనిచో, బండి మ్యూజియములో నిలుచును గాని దానిని నడుపువాడుండడు. మన ఇండ్లలోను తాతగారికి తెలిసిన పని మనుమనికి తెలియకపోవుట చూచుచున్నాము. చేతిపని చదువునకు అడ్డమని కొందరు తల్లిదండ్రులు తలంచుచున్నారు. మా అనుభవములో, సైకిలు గొలుసు విప్పి బిగించిన పిల్లవానికి పండ్లచక్రముల లెక్క రెండవసారి చెప్పవలసిన పని యుండదు. ఈ యేటి వానలకు ముందు ఒక్క సాయంకాలము పిల్లలతో కూర్చుండి ఆ పని చేసిచూడుడు.