ఇంటి పన్నులో ఆ ఎనిమిది పైసలు ఎవరివి?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో సియాటెల్ దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల ఇంటి పన్నులో కొంత అక్కడి పోర్టుకు పోతుందట. ఓడరేవుకూ ఇంటికీ సంబంధమేంటి? ఇక్కడ మేం కట్టే పన్ను కూడా మున్సిపాలిటీకి కాకుండా ఇంకెవరికైనా పోతుందా? పోతే లెక్క అడగొచ్చా?
– ఒక పాఠకుడు, ఎల్లారెడ్డి

జవాబు: మీరు విన్నది నిజమే. సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీలో ఇల్లో జాగానో ఉన్నవాళ్లు ఏటా కట్టే ఆస్తి పన్నులో ఒక చిన్న పద్దు పోర్ట్ ఆఫ్ సియాటెల్‌ది. 1911లో అక్కడి ఓటర్లు ఓటేసి మరీ పెట్టుకున్న ప్రభుత్వ సంస్థ అది. ఓడరేవుతో పాటు విమానాశ్రయాన్ని కూడా నడుపుతుంది. రాబడిలో ఎక్కువ భాగం ఓడలూ విమాన సంస్థలూ కట్టే చార్జీలు, అద్దెలే. పైన కొంత ఇంటి పన్ను నుంచి తీసుకుంటారు. ఎంత తీసుకోవాలో ఏటా బడ్జెట్ వేళ తేల్చేది ఐదుగురు కమిషనర్లు. ఆ ఐదుగురినీ ఎన్నుకునేది ఆ కౌంటీ జనమే. పన్ను కట్టేవాడి చేతిలోనే ఓటు కూడా ఉందన్నమాట. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మన దగ్గర ఓడరేవులకు ఇంటి పన్ను వేసే అధికారం లేదు. విశాఖపట్నం పోర్టు 2021 నాటి మేజర్ పోర్టు అథారిటీల చట్టం కింద నడుస్తోంది. ఓడల మీద, సరుకు మీద వసూలు చేసే రుసుములు, భూముల అద్దెలు దాని ప్రధాన రాబడి. విశాఖలో ఇల్లున్నవాడి పన్ను బిల్లులో పోర్టు పేరున పైసా ఉండదు. మీ ఎల్లారెడ్డి ఉన్న కామారెడ్డి జిల్లాకు సముద్రమే లేదు కాబట్టి మనకా బాధ అసలే లేదు.

అట్లాగని మీ డబ్బంతా మున్సిపాలిటీదే అనుకోకండి. మీ పాత రసీదు తీసి చూడండి. ఆస్తి పన్ను అంకె పక్కనో కిందనో గ్రంథాలయ పన్ను, లైబ్రరీ సెస్ అని ఇంకో చిన్న అంకె ఉంటుంది. బిల్ కలెక్టర్ మొత్తం చెప్తాడు, మనం మొత్తం కడతాం, ఆ గడి వైపు ఎవరూ చూడరు. సియాటెల్‌లో పోర్టు ఎట్లాగో, మన ఇంటి పన్ను మీద బతికే వేరే సంస్థ ఇక్కడ జిల్లా గ్రంథాలయ సంస్థ.

దీనికి ఆధారం 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం, అందులో 20వ సెక్షన్. తెలంగాణ వచ్చాక కూడా అదే చట్టం నడుస్తోంది. ఆస్తి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున అదనంగా వసూలు చేయాలి. మీ ఆస్తి పన్ను 2,500 రూపాయలైతే గ్రంథాలయ పన్ను 200. పల్లెల్లో గ్రామ పంచాయతీ ఇంటి పన్ను మీద కూడా ఇదే లెక్క. ఎల్లారెడ్డి 2018లో మున్సిపాలిటీ అయింది. అంతకు ముందు పంచాయతీ రసీదులో కూడా ఈ పద్దు ఉండాల్సిందే.

ఇక అసలు సంగతి. ఈ పన్ను వేసేది గ్రంథాలయ సంస్థ. మున్సిపాలిటీ దాని తరఫున వసూలు చేసి పెడుతుంది, అంతే. వసూలైన డబ్బును సంస్థకు జమ చేయడం చట్టం పెట్టిన బాధ్యత. మున్సిపల్ కమిషనర్ దయ మీద ఆధారపడ్డ విషయం కాదు. రోడ్లకో జీతాలకో సర్దుకుని, వీలున్నప్పుడు పంపుదామనుకునే సొమ్ము అంతకన్నా కాదు. కానీ గ్రంథాలయ సంస్థలకు స్థానిక సంస్థలు బకాయి పడ్డాయన్న వార్త రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటుంది. జనం కట్టిన పన్ను రెండు ఆఫీసుల మధ్య బకాయిగా మారడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునేది ఆ గ్రంథాలయాల్లోనే. అక్కడి పుస్తకాలకు, పేపర్లకు, ఫ్యాన్లకు పెట్టాల్సిన డబ్బు ఇది. మీ ఊరి సంగతి ఎట్లుందో కాగితాలు చూస్తే గాని చెప్పలేం.

2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా అయ్యేదాకా ఇక్కడి గ్రంథాలయాలు నిజామాబాద్ సంస్థ కింద ఉండేవి. ఇప్పుడు కామారెడ్డికి సొంత సంస్థ ఉంది, ఎల్లారెడ్డి మున్సిపాలిటీలో వసూలైంది దానికే చేరాలి. అయితే ఆ సంస్థ చైర్మన్‌ను నియమించేది ప్రభుత్వం. కింగ్ కౌంటీ జనం లాగా మనం ఎన్నుకోం. పన్ను మనది, ఓటు మాత్రం లేదు. ఓటు లేని చోట లెక్క అడగడం ఒక్కటే మనకు మిగిలిన దారి. ఆ హక్కు గట్టిగానే ఉంది.

రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదు, వసూలు చేయకూడదు. కాబట్టి రసీదులో మీకు అర్థం కాని పద్దు ఏది కనబడినా, ఇది ఏ చట్టం కింద వేశారని రాతపూర్వకంగా అడగొచ్చు. జమ అయిందో లేదో తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ఒక దరఖాస్తుతో సరిపెట్టకండి, రెండు పెట్టండి.

మొదటిది మున్సిపాలిటీలోని పౌర సమాచార అధికారికి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో గ్రంథాలయ పన్ను కింద ఏటా ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు, ఇంకా ఎంత బాకీ ఉంది, జమ చేసిన చలాన్ల నకళ్లు ఇవ్వండి అని రాయండి. రెండోది కామారెడ్డిలోని జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఎల్లారెడ్డి మున్సిపాలిటీ నుంచి అవే సంవత్సరాల్లో మీకు ఎంత ముట్టింది, ఎల్లారెడ్డి గ్రంథాలయం మీద ఎంత ఖర్చు పెట్టారు అని అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే తేడా ఉంటే తేలిపోతుంది. ఎందుకు కట్టలేదు, ఎవరిది తప్పు లాంటి ప్రశ్నలు మాత్రం రాయకండి. చట్టం ఇచ్చేది వాళ్ల దగ్గరున్న రికార్డు, సంజాయిషీ కాదు.

దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, కార్డు జిరాక్స్ జతచేస్తే చాలు. స్పీడ్ పోస్టులో పంపి, ఆ స్లిప్పు దాచుకోండి. దరఖాస్తు తప్పు ఆఫీసుకు పోయినా ఐదు రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. కావాలంటే రిజిస్టర్లు చూస్తామని కూడా అడగొచ్చు, ఆ హక్కు చట్టంలోనే ఉంది.

బాకీ ఉందని తేలితే? జమ చేయమని కమిషనర్‌కు, కలెక్టర్‌కు వినతి పత్రం ఇవ్వండి. నలుగురు కలిసి ఇస్తే ఇంకా మంచిది. 2023 జనవరిలో కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌కు వ్యతిరేకంగా రైతులు నిలబడితే, దాన్ని రద్దు చేయాలని మున్సిపల్ పాలకవర్గమే తీర్మానం చేయాల్సి వచ్చింది కదా. అప్పటికీ కదలకపోతే, చట్టం చెప్పిన పని చేయమని ఆదేశించాలంటూ 226వ అధికరణం కింద హైకోర్టుకు పోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఫోన్ నంబర్ 15100.

ఒక పని మాత్రం చేయకండి. గ్రంథాలయం బాగోలేదని ఆ రెండొందలు ఆపుకోవద్దు. బాకీ మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది, నష్టం మీకే. పాత బాకీ లేకుండా, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే ఐదు శాతం రాయితీ ఉంటుంది. ముందు కట్టండి, ఆ రసీదు నకలునే దరఖాస్తుకు జతచేయండి.

సమాచారం ఇవ్వడానికి గడువు 30 రోజులు. అది దాటినా, అరకొర జవాబు వచ్చినా, ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు.