పండు లేని పండు వాసన: గోధుమ బీరు రుచిని ఎలా అంచనా వేస్తారు?

సూరత్ దగ్గరి సచిన్‌లో మరమగ్గాలు ఎన్నయినా కనిపిస్తాయి గానీ బీరు దుకాణం కనిపించదు. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది. అయినా బీరు రుచిని అంచనా వేసే పద్ధతిని సచిన్‌లోనూ నేర్చుకోవచ్చు. దానికి బీరు అక్కర్లేదు, ఒక అరటిపండు, కొంత మామిడి రసం చాలు.

జర్మనీలోని బవేరియా గోధుమ బీరులో అరటిపండు వాసన, దాని వెనకే లవంగం వాసన వస్తాయి. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ రెండు వాసనలూ ఈస్ట్ పని. పులిసేటప్పుడు ఈస్ట్ ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను తయారు చేస్తుంది. పండిన అరటిలో ఉండేదీ ఇదే అణువు. ధాన్యం పొట్టులోని ఫెరూలిక్ ఆమ్లాన్ని ఈస్ట్ మార్చినప్పుడు లవంగం వాసన పుడుతుంది. ఇక బీరు మసకగా ఉండటానికీ, నురగ చిక్కగా నిలవడానికీ గోధుమ ప్రోటీన్లు తోడ్పడతాయి.

కొన్ని బీర్లలో నిజంగానే పండు కలుపుతారు. అప్పుడు పండులోని చక్కెరను చాలావరకు ఈస్ట్ తినేస్తుంది. వాసన, పులుపు మిగులుతాయి, తీపి తగ్గుతుంది. అందుకే మామిడి వాసన వస్తున్న బీరు నాలుకకు తియ్యగా ఉండకపోవచ్చు. అది లోపం కాదు. పచ్చి యాపిల్ వాసన వస్తే మాత్రం అనుమానించాలి. అది పండుది కాకుండా, పులియడం పూర్తికాక మిగిలిన ఎసిటాల్డిహైడ్‌ది కావచ్చు.

పోటీల్లో ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిలో తగిలే తీరుకు 5, మొత్తం మీద కలిగే అభిప్రాయానికి 10. వాసన ముందు చూస్తారు, ఎందుకంటే అది త్వరగా ఎగిరిపోతుంది. రూపానికి మూడే మార్కులైనా కన్ను మనసును సులువుగా మోసం చేస్తుంది. ఎర్రగా ఉంటే చెర్రీ రుచి వచ్చినట్టే అనిపిస్తుంది.

ఈ మోసాన్ని తప్పించడానికి కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు పరిశోధకులు 1940లలో త్రిభుజ పరీక్షను రూపొందించారు. మూడు గ్లాసులు ఇస్తారు. రెండింటిలో ఒకటే పానీయం, మూడోదానిలో వేరే పానీయం. వేరేది ఏదో కనిపెట్టాలి.

దీన్ని ఇంట్లో చేసి చూడండి. ముందు ముక్కు మూసుకుని అరటిపండు ముక్క నమలండి. తీపి మాత్రమే తెలుస్తుంది. ముక్కు వదలగానే అరటి ‘రుచి’ వస్తుంది. మనం రుచి అనుకునేదానిలో ఎక్కువ భాగం గొంతు వెనక నుంచి ముక్కుకు చేరే వాసనే.

తర్వాత రెండు కంపెనీల మామిడి రసాలతో త్రిభుజ పరీక్ష పెట్టండి. గ్లాసులు ఒకేలా ఉండాలి, రంగు కనపడకుండా కళ్లకు గంతలు కట్టాలి, వరుస మారుస్తూ ఉండాలి. పన్నెండు మంది తలా ఒకసారి చెబితే, ఊహించి చెప్పినా సగటున నలుగురు సరిగ్గా చెబుతారు. కాబట్టి అయిదుగురు చెప్పారని సంబరపడకూడదు. ఎనిమిది మంది చెబితే నమ్మవచ్చు. ఊరికే ఊహించి ఎనిమిది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది సరిగ్గా చెప్పే అవకాశం రెండు శాతం లోపే.

“ఈ కంపెనీదే బాగుంటుంది” అని వాదించుకునే ముందు, రెండింటికీ తేడా తెలుస్తోందా అని చూసుకోవాలి. బీరు అయినా, మామిడి రసం అయినా రుచి పరీక్షలో మొదటి ప్రశ్న అదే.