సూపర్‌ఛార్జరు: మోటారు ఇంజనుకు అధికబలము చేకూర్చు విధము

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత యున్నను, తిత్తి యూదనిదే యినుము ఎఱ్ఱబడదు. బొగ్గులోని వేడి వెలికి వచ్చుటకు గాలి కావలెను. మోటారు ఇంజను విషయమునను ఇదియే ధర్మము. పెట్రోలు ఎంతయైన పోయవచ్చును. దానిని మండించుటకు చాలినంత గాలి లేనిదే బలము పుట్టదు. గాలిని బలవంతముగా ఇంజనులోనికి నెట్టెడు సూపర్‌ఛార్జరు అను సాధనమును గూర్చియు, అట్టి ఇంజనునుండి మఱింత బలము పొందు మార్గములను గూర్చియు, వాని హద్దులను గూర్చియు ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో ఏర్పడు వెలితిని నింపుటకు బయటి గాలి లోపలికి వచ్చును. దానిని త్రోయునది మన చుట్టునున్న వాతావరణపు పీడనమే. కావున సామాన్యపు ఇంజనుకు లభించు గాలికి ఒక మితి కలదు. ఆ మితిని దాటుటకు మార్గములు మూడు: సిలిండరులను పెద్దవి చేయుట, ఇంజనును మఱింత వేగముగా త్రిప్పుట, లేదా గాలినే దట్టముగా నొత్తి లోనికి పంపుట. ఈ మూడవదియే సూపర్‌ఛార్జరు చేయు పని.

ఈ సాధనపు పుట్టుక మోటారుబండికంటె ప్రాచీనము. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, కానర్స్‌విల్ పట్టణవాసులగు ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అను సోదరులు రెండు తిరుగుడు రెక్కలుగల గాలియంత్రమునకు 1860లో పేటెంటు పొందిరి. అది లోహములు కరగించు కొలుములకు గాలి యూదుటకు ఉపయోగపడెను. తరువాత మోటారుబండ్లు వచ్చినపుడు అట్టి యంత్రమునే ఇంజనుకు అమర్చిరి. 1921లో మెర్సిడీస్ వారు సూపర్‌ఛార్జరుగల కార్లను బెర్లినులో ప్రదర్శించిరి.

సూపర్‌ఛార్జరును త్రిప్పునది ఇంజనే. క్రాంకుషాఫ్టునుండి బెల్టు ద్వారమునగాని పండ్లచక్రముల ద్వారమునగాని దానికి చలనము వచ్చును. కావున అది తెచ్చు బలములో కొంత భాగము దానిని త్రిప్పుటకే వ్యయమగును. బెల్టు తిరుగు కప్పీని చిన్నదానిగా మార్చినచో సూపర్‌ఛార్జరు మఱింత వేగముగా తిరిగి, గాలి పీడనమును పెంచును. అధికబలము కోరువారు మొట్టమొదట చేయు మార్పు ఇదియే. ఖర్చు స్వల్పము, పని సులభము. కాని ఇంతటితో నిలిచినవారు తఱచుగా ఇంజనును పోగొట్టుకొందురు. దానికి కారణము వేడి.

సైకిలు పంపుతో గాలి కొట్టినవారందఱు పంపు కాలుటను ఎఱుగుదురు. గాలిని ఒత్తినచో వేడెక్కును. వేడెక్కిన గాలి పలుచనగును. దీనిని ఒక లెక్కతో చూతము. బయటి గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నున్నదనుకొందము. దాని పీడనమును ఒకటిన్నర రెట్లు చేయగా వేడి 90 డిగ్రీలకు పెరిగెననుకొందము. ఈ వేడులకు 273 కలిపిన 303, 363 అగును. 1.5ను 303చే గుణించి 363చే భాగించినచో సుమారు 1.25 వచ్చును. అనగా పీడనము సగము పెరిగినను, గాలి పెరిగినది పాతిక మాత్రమే! ఇప్పుడా గాలిని ఒక చల్లార్చుగూడు గుండ పంపి 50 డిగ్రీలకు దింపినచో, భాజకము 323 అయి ఫలము సుమారు 1.41 అగును. కప్పీని ముట్టుకొనకయే గాలి హెచ్చినది. ఇట్లు చల్లార్చు సాధనమునకు ఇంటర్‌కూలరు అని పేరు.

వేడివలన మఱియొక కీడు కలదు. సిలిండరులోని మిశ్రమము నిప్పురవ్వ తగిలినచోటినుండి క్రమముగా మండవలెను. పీడనమును వేడియు మితిమీరినచో, మంట చేరకమునుపే మిగిలిన భాగము తనంతట తానే ఒక్కసారిగా ప్రేలును. దీనినే నాకింగు అందురు. అది సుత్తిదెబ్బవలె లోహమును కొట్టి, పిస్టనులను చిల్లులు పొడుచును. దీనిని నివారించుటకు హెచ్చు ఆక్టేను గల పెట్రోలు వాడుదురు. సిలిండరులోని ఒత్తుడు నిష్పత్తిని తగ్గింతురు. నిప్పురవ్వను కొంచెము ఆలస్యముగా పుట్టింతురు. గాలి హెచ్చినకొలది పెట్రోలును హెచ్చించుటయు ఆవశ్యకము. మిక్కిలి భారములో పెట్రోలు కొఱవడినచో మంట వేడి హద్దుమీరి ఇంజను చెడును.

పిమ్మట, లోనికి వచ్చినదంతయు వెలుపలికి పోవలెను గదా. పొగగొట్టము ఇఱుకుగా నున్నచో కాలిన వాయువు వెనుకకు ఒత్తి క్రొత్త గాలికి అడ్డుపడును. బేరింగులు, నూనె, నీటి చల్లదనము, క్లచ్చి, బ్రేకులు — ఇవన్నియు క్రొత్త బలమునకు తగియుండవలెను.

ఈ పాఠమునకు ప్రసిద్ధమైన నిదర్శనము ఇంగ్లండుదేశపు బెంట్లీ కారు. పందెముల కొఱకైన నాలుగున్నర లీటర్ల బెంట్లీ ఇంజను బలము సుమారు 130 అశ్వశక్తులు. పందెగాడైన టిమ్ బర్కిన్, దానికి ఆంహర్‌స్ట్ విలియర్స్ నిర్మించిన సూపర్‌ఛార్జరును అమర్పించి, ఆ బలమును 240 అశ్వశక్తుల వఱకు పెంచెను. ఆ సంస్థను స్థాపించిన డబ్ల్యు. ఓ. బెంట్లీకి ఇది సమ్మతము కాలేదు. బలము కావలెనన్న ఇంజనునే పెద్దది చేయవలెనని ఆయన మతము. 1930లో ఫ్రాన్సుదేశపు లెమాన్స్‌లో జరిగిన 24 గంటల పందెములో బర్కిన్ సూపర్‌ఛార్జరు కారుతో మెర్సిడీస్‌ను దాటి సాహసముగా పరుగిడెను. కాని సూపర్‌ఛార్జరుగల బెంట్లీలు రెండును కడవఱకు నిలువలేదు. ఆ మెర్సిడీసును నిలువలేదు. సూపర్‌ఛార్జరు లేని ఆరున్నర లీటర్ల బెంట్లీని నడపిన బార్నాటో, కిడ్‌స్టన్ జయము పొందిరి. అయినను 1932లో బర్కిన్ సూపర్‌ఛార్జరుగల బెంట్లీపైననే బ్రూక్‌లాండ్స్ బాటను గంటకు 137.96 మైళ్ల వేగమున చుట్టివచ్చి అక్కడి రికార్డును నెలకొల్పెను. ఒక చుట్టునకు చాలిన బలము వేఱు, ఇరువదినాలుగు గంటలు నిలుచు బలము వేఱు అని దీనివలన తెలియుచున్నది.

కావున మోటారు పనిలో ప్రవేశింపగోరు విద్యార్థులు ఈ క్రమమును జ్ఞాపకముంచుకొనవలెను: మొదట ఇంజను ఆరోగ్యమును పరీక్షించుట; పిదప గాలిని చల్లార్చుట; పెట్రోలును నిప్పురవ్వను సరిచేయుట; పొగకు దారి యిచ్చుట; అన్నిటికి కడపటనే పీడనమును కొంచెము కొంచెముగా పెంచుట. కప్పీని మార్చుట అరపూట పని. దానికి ముందు చేయవలసినదే అసలు విద్య.

అభ్యాసము: బయటి గాలి 30 డిగ్రీలు, పీడనము రెండు రెట్లు, చల్లార్చిన పిదప వేడి 60 డిగ్రీలు. గాలి ఎన్ని రెట్లగును? (జవాబు: సుమారు 1.82.)